బొటనవేలి సీమలో ఒక పూట

నిరుడు వేసవి సెలవుల్లో అమెరికాలో మా తమ్ముడుండే నాష్‌విల్ నగరానికి బయలుదేరుతుంటే, ఇంట్లో ఎవరికి కావలసినవి వారు నాచేత రాయించారు. మా పెద్దమ్మాయి మాత్రం ఏమీ అడగలేదు. మూడేళ్ళు శ్రద్ధగా గిటారు నేర్చుకున్న పిల్ల, ఆరు నెలలుగా దాన్ని బీరువా వెనక నిలబెట్టి ఊరుకుంది. కారణమేమిటంటే బొటనవేలు చూపించింది. ఆ వేలికి ఉంగరంలా తొడుక్కుని తీగ మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటుంది; థంబ్ పిక్ అంటారు. బిగుతుది తొడిగితే వేలు కమిలిపోతోందట. వదులుది తొడిగితే పాట మధ్యలో గిర్రున తిరుగుతోందట.

"అదెంత పని! వేరేది కొందాంలే" అనబోయి ఆగిపోయాను.

మా అమ్మ వీణ వాయించేది. చూపుడువేలికీ నడిమివేలికీ సన్నని తీగతో చేసిన గోళ్ళు తొడుక్కునేది. ఇల్లు మారిన సందడిలో అవి ఎక్కడో పోయాయి. "వేరేవి కొందాంలే" అన్నారు నాన్నగారు. పెద్దవాణ్ణయ్యాక నేనూ అన్నాను. కొనడం మాత్రం జరగలేదు. వీణ అటకెక్కింది. దింపమని అమ్మ అడగనూ లేదు. అంచేత ఈసారి అమ్మాయి బొటనవేలి చుట్టుకొలతకు దారం ముడివేసి జేబులో భద్రం చేసుకున్నాను.

సంగతి విని మా తమ్ముడు, "కొట్లో కొనుక్కోవచ్చు గాని అన్నయ్యా, ఆ బొటనవేలి వాయింపుకు పేరుమోసిన సీమ ఇక్కడికి వంద మైళ్ళే, చూసివద్దాం" అన్నాడు. తెల్లవారి కారులో ఉత్తరంగా బయలుదేరాం.

కెంటకీ రాష్ట్రపు పడమటి భాగంలో ఉంది మ్యూలెన్‌బర్గ్ కౌంటీ. పచ్చని మిట్టలు, చిన్న చిన్న చర్చీలు, అక్కడక్కడ నీలంగా చెరువులు. ఆ చెరువుల్లో చాలా భాగం దేవుడు తవ్వినవి కావు. బొగ్గుకోసం మనుషులు తవ్వి వదిలేసిన గోతులు. గ్రీన్ నది ఒడ్డున పారడైజ్, అంటే స్వర్గం, అనే పల్లె ఒకటుండేది. 1967లో దాన్ని నేలమట్టం చేశారు. పక్కనే వెలసిన పెద్ద విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాల్చడం 2020తో ఆగిపోయింది. పల్లె పోయింది, పొగా పోయింది. మిగిలింది బొటనవేలు!

డ్రేక్స్‌బరో అనే ఊళ్ళో నలుగురు వాద్యకారుల స్మారకంగా ఒక ఫౌంటెన్ ఉంది: కెనెడీ జోన్స్, మోజ్ రేగర్, ఐక్ ఎవర్లీ, మెర్ల్ ట్రావిస్. వీరికి ముందే, పక్క కౌంటీకి చెందిన ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గని కార్మికుడు తన వాయింపుతో ఈ ప్రాంతానికి దారి చూపి, 1931లో కన్నుమూశాడు. ఆయన బాణీ పట్టుకున్నవాడు జోన్స్. ఈ సీమకు థంబ్ పిక్‌ను అలవాటు చేసిన ఘనత జోన్స్‌దేనంటారు. రేగర్, ఎవర్లీల దగ్గర నేర్చుకున్న ట్రావిస్ 1917లో ఇక్కడే పుట్టాడు. బొగ్గు కూలీల అప్పుల బతుకు మీద 1946లో "సిక్స్‌టీన్ టన్స్" పాట కట్టాడు.

ఈ వాయింపులోని కిటుకు వీణ తెలిసినవారికి ఇట్టే బోధపడుతుంది. వీణలో చిటికెనవేలు పక్కతీగల మీద తాళం చూసుకుంటుంది. మిగతా వేళ్ళు రాగం చూసుకుంటాయి. ఇక్కడ ఆ తాళం పని బొటనవేలిది. మందర తీగల మీద ఒకటి విడిచి ఒకటి "దుమ్ దుమ్" అని అది నడుస్తుంటే, చూపుడువేలు పాట పలికిస్తుంది. ఒక్కడే వాయిస్తాడు, ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. అలుపెరగని ఆ వేలికి తొడుగు సరిపోకపోతే ఇక పాటెక్కడిది?

దారిలో ఒక చిన్న వాద్యాల కొట్టు కనిపిస్తే దిగాం. కొట్టు పెద్దాయన ఒకప్పుడు గనిలో పనిచేశాడట. నేను దారం తీసి బల్లమీద పెట్టగానే నవ్వాడు. తరువాత దాన్ని జాగ్రత్తగా సరిచేసి, ఒక్కొక్క పిక్కే అందులో దూర్చి చూశాడు.

ఆయన చెప్పిన మాటల సారం ఇది. పట్టీ గోరు మొదటికీ కణుపుకూ మధ్య కూర్చోవాలి, గుచ్చకూడదు, తిరగకూడదు. ప్లాస్టిక్‌దైతే వేడినీళ్ళలో కొన్ని క్షణాలు ముంచి, వేలికి తగినట్టు వంచి, చల్లారనివ్వాలి. సెల్యులాయిడ్ అయితే నిప్పు దరిజేరనివ్వకూడదు, భగ్గున అంటుకుంటుంది. నాలుక పొడుగైతే పక్కతీగకు తగులుతుంది. గోళ్ళ ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీసుకోవాలి. పలచనిది టిక్కుటిక్కుమంటుంది, మందమైనది నిండుగా పలుకుతుంది. లోహపుది గట్టిగా మోగుతుంది గాని గిటారుకు కటువు.

"వేలికి సుఖమో కాదో దారం చెబుతుంది. నాదం బాగుందో లేదో మీ అమ్మాయి చెవి చెప్పాలి. ఒక్కటి కొనకు, మూడు రకాలు పట్టుకెళ్ళు" అన్నాడు. నలభై డాలర్లవి కూడా ఉన్నాయి గాని, ఒకటి రెండు డాలర్లవే ఏరి ఇచ్చాడు.

ఇంటికి వచ్చిన రాత్రే వంటింట్లో గిన్నెడు నీళ్ళు కాగాయి. మొదటిది నచ్చలేదు. రెండోది వేలికి అమరింది గాని చప్పుడు నచ్చలేదట. మూడోది నాలుగుసార్లు ముంచి, రెండు రోజులు అరగదీశాక, బీరువా వెనకనుంచి గిటారు బయటికి వచ్చింది.

అమ్మ గుమ్మంలో కూర్చుని కాసేపు విన్నది. "ఆ వేలికి తొడుక్కున్నదేదీ, ఇలా చూపించు" అని అడిగి, తన చూపుడువేలికి పెట్టుకుని చూసుకుంది. అది వదులైంది.

ఈ ఆదివారం అటక ఎక్కుతున్నాను. ఈసారి అమ్మ వేళ్ళకు దారం కొలత తీసుకున్నాకే సుమండీ!