పిల్లికూనని ఇంటికి తెచ్చుకునే ముందు



పోయిన వారం హాస్టల్ మెస్సుల గురించి రాశాను. ఈ వారం పిల్లి గురించి. నవ్వొచ్చినా చివరిదాకా చదవండి.

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒకమ్మాయి వాట్సాప్‌లో అడిగింది. "మేడమ్, గూడెం కొత్తవీధిలో మేం నలుగురం గది తీసుకున్నాం. ఎలుకలు నోట్సులు కొరికేస్తున్నాయి. సంత దగ్గర ఒకింట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది, ఒకటి ఇస్తామన్నారు. రేపే తెచ్చుకుందామా? పాలు పోస్తే సరిపోద్ది కదా?"

రేపు వద్దమ్మా అన్నాను. పాలు కూడా వద్దన్నాను. ఎందుకు వద్దో ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఆ నలుగురికే కాదు, మొదటిసారి పిల్లిని తెచ్చుకోబోయే అందరికీ పనికొస్తుంది.

ముందు ఒక మాట. "ఇన్ని సమస్యలుండగా పిల్లి గురించా?" అని కామెంట్ పెట్టబోయే అన్నలకి. పిల్లి మన చరిత్రలో ముందే ఉంది. మనుస్మృతి పదకొండో అధ్యాయం తీసి చూడండి. పిల్లిని, ముంగిసని, కప్పని, కుక్కని, కాకిని చంపితే ఏ ప్రాయశ్చిత్తమో, శూద్రుణ్ణి చంపినా అదే. మనువుకి పిల్లి మీద ప్రేమేం లేదు. శూద్రుడి ప్రాణం ఎంత చవకో చెప్పడానికి పిల్లి ప్రాణాన్ని తూకంరాయి చేసుకున్నాడు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగేదాకా, పశువులు మూతిపెట్టే నీళ్ళు మనకి నిషేధం. అదే ఏడాది డిసెంబర్ 25న ఆ మనుస్మృతిని అక్కడే తగలబెట్టారు. 1931 ఆగస్టులో గాంధీని కలిసినప్పుడు కూడా, కుక్కల కన్నా పిల్లుల కన్నా హీనంగా చూసే చోటుని నా దేశమని ఎలా అనుకోను అన్న ప్రశ్నే ఆయన ముందు పెట్టారు.

ఇదంతా చదివిన మనకి పిల్లి మీద కోపం ఉండక్కర్లేదు. శకునాల జాబితాలో ఎదురు రాకూడనివాళ్ళుగా పిల్లినీ వితంతువునీ పక్కపక్కన నిలబెట్టిన సమాజం ఇది. ఒకరి చేతిలో పూర్తిగా ఆధారపడి బతకడమంటే ఏమిటో మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అందుకే, ఆధారపడిన ప్రాణాన్ని తెచ్చుకునే ముందు మనం నేర్చుకోవాలి.

ఇక పనిలోకి వద్దాం.

ఎన్నేళ్ళ మాట? ఇంట్లో సరిగ్గా చూసుకున్న పిల్లి పన్నెండు నుంచి పదిహేనేళ్ళు బతుకుతుంది. మీ డిగ్రీ మూడేళ్ళు, నాలుగేళ్ళు. ఆ తర్వాత నలుగురూ నాలుగు ఊళ్ళు. సంక్రాంతికి, వేసవికి గది తాళం పడుతుంది. అప్పుడు దాన్ని ఎవరు తీసుకెళ్తారు? తెచ్చుకోక ముందే ఒక పేరు అనుకోండి. "నలుగురం కలిసి చూసుకుంటాం" అంటే ఎవరూ చూసుకోరని అర్థం. మెస్ బిల్లుకి ఒకరి పేరున్నట్టే పిల్లికీ ఒకరి పేరుండాలి. పరీక్షలయ్యాక సంతలో వదిలేసి బస్సెక్కితే, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం. రాజ్యాంగంలో 51ఏ అధికరణ కూడా జీవుల పట్ల దయని పౌరుల బాధ్యతల్లో చేర్చింది. అది అంబేడ్కర్ కాలం నాటిది కాదు, 1976లో 42వ సవరణతో వచ్చింది. అయినా పుస్తకంలో ఉంది కాబట్టి మనదే.

ఎప్పుడు తేవాలి? పుట్టిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య కూన కళ్ళు తెరుస్తుంది. నాలుగో వారం నుంచి మెత్తటి తిండి మొదలెడుతుంది. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి తీయకూడదు. పన్నెండు వారాలైతే ఇంకా మంచిది. ఎంత కొరికితే నొప్పో, గోళ్ళు ఎప్పుడు లోపలికి తీసుకోవాలో, ఎలుకని ఎలా పట్టాలో తల్లి, తోబుట్టువులే నేర్పుతారు. ముందే తీసేసిన కూన మీ చేతిని ఎలుక అనుకుంటుంది.

వయసు చెప్పేవాళ్ళు లేకపోతే కిరాణా కొట్టు తూకం ఉంది. నెల పిల్ల సుమారు అర కిలోకి కాస్త తక్కువ, రెండు నెలల పిల్ల కిలోకి కాస్త తక్కువ తూగుతుంది. ఆ ఇంటి కూనలు ఇప్పుడే కళ్ళు తెరిచాయట. అంటే ఇంకో ఆరు వారాలు ఆగాలి. ఈలోగా రోజూ వెళ్ళి కాసేపు చేతిలోకి తీసుకోండి. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చెయ్యి అలవాటైన పిల్లి జీవితాంతం మనిషిని నమ్ముతుంది.

అడవిలో దొరికిన కూన అయితే? మన కొండల్లో ఇది ముఖ్యం. కాఫీ తోటలో పనికెళ్ళినప్పుడో, పోడు దగ్గరో ఒంటి నిండా మచ్చలున్న కూన ఒంటరిగా కనిపిస్తుంది. ముద్దొస్తుంది. ముట్టుకోకండి. అది మన ఇంటి పిల్లి జాతి కాకపోవచ్చు. తూర్పు కనుమల్లో అడవి పిల్లి జాతులు ఉన్నాయి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి వర్తిస్తుంది, ఇంట్లో పెంచితే కేసవుతుంది. కేసులు ఎవరి మీద తొందరగా పడతాయో ఏజెన్సీలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పైగా తల్లి వేటకి వెళ్ళి ఉంటుంది, తిరిగొస్తుంది. దూరంగా జరగడమే మీరు చేయగల సాయం.

పాలెందుకు వద్దు? తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మీకందరికీ తెలుసు. రాయలవారు పిల్లితో పాటు పాలకి ఆవునీ ఇస్తే, ఆయన మొదటి రోజే కాలే పాలు పెట్టి పిల్లి నోరు కాల్చాడు. అది పాలు చూస్తే పారిపోయింది, పాలన్నీ ఆయన ఇంటివాళ్ళే తాగారు. చిన్నప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు చదివితే నోరు కాలిన పిల్లి మాత్రమే కనిపిస్తుంది నాకు. ఆ కథని నమ్మి తరతరాలుగా మనం పిల్లికి పాలే తిండి అనుకున్నాం. నిజానికి తల్లిపాలు మానాక చాలా పిల్లులకి ఆవుపాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. అరకిలో బరువున్న కూనకి రెండు రోజుల విరేచనాలు చాలు, ప్రాణం పోవడానికి. గిన్నెలో ఎప్పుడూ మంచినీళ్ళు ఉంచండి.

తిండి మాటకొస్తే, పిల్లి పూర్తి మాంసాహారి. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం దానికి అందకపోతే చూపు పోతుంది, గుండె పాడవుతుంది. పెరుగన్నంతో బతికించలేం. ఉడికించి ఎముక తీసిన కోడి, ముల్లు తీసిన చేప, ఉడికిన గుడ్డు, కాస్త అన్నం పెట్టొచ్చు. పచ్చి చేప వద్దు. సంతలో దొరికే ఎండు చేపలో ఉప్పెక్కువ, నానబెట్టి కడిగి ఎప్పుడో ఒకసారి చిన్న ముక్క చాలు. వట్టి మాంసమే పెట్టినా సున్నం చాలక ఎముకలు మెత్తబడతాయి. కాబట్టి మొదటి ఏడాది కూనల కోసం అమ్మే తిండి ప్యాకెట్ కూడా కొంత కలపాలి. రోజుకి మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెం. ఖర్చెంతో నలుగురూ కూర్చుని ముందే లెక్క రాసుకోండి.

తిండి అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. పీహెచ్‌డీ రోజుల్లో ఒక ఊళ్ళో అద్దెకి ఇల్లు చూడటానికి వెళ్తే, ఇంటావిడ మొదట అడిగిన ప్రశ్న "నీచు వండుతారా?" ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న ఉంటుందని మనందరికీ తెలుసు. ఆ ఇల్లు నాకు దొరకలేదు. రెండు వీధులవతల గది దొరికింది. నేను చేపలు కడిగే రోజున పెరటి గోడ మీద ఒక తెల్ల పిల్లి ప్రత్యక్షమయ్యేది, మెడలో ఎర్ర తాడుతో. ఆ ఇంటావిడ పిల్లే. అక్కడ దానికి పాలూ పెరుగన్నమూ పెట్టేవారు. చేప తలకాయలకి నా దగ్గరికి వచ్చేది. దాని ఒంటికి ఏం కావాలో దానికి తెలుసు, ఎవరింట్లో దొరుకుతుందో కూడా తెలుసు. "మాంసం వద్దు" అన్న షరతు మీద అద్దెకుండే మిత్రులు పిల్లిని తెచ్చుకునే ముందు ఇది ఆలోచించుకోవాలి. మీరు దాచుకు తింటారు, అది దాచుకోలేదు.

ఇంట్లో ఉన్న విషాలు. పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్రతో చచ్చిపోగలదు. జ్వరమొచ్చిందని మన మాత్ర సగం విరిచి వేయకండి. ఫినాయిల్‌తో నేల తుడిస్తే, ఆ తడి మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అదీ విషమే. సబ్బునీళ్ళు చాలు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర మెతుకులు పెట్టకండి, రక్తం విరిగిపోతుంది. కుక్కలకి రాసే పురుగుల మందు పిల్లికి రాయకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎలుకల మందు పెట్టిన ఇంట్లో పిల్లిని పెంచకూడదు. మందు తిన్న ఎలుకని తిన్న పిల్లి కూడా పోతుంది. మందా, పిల్లా, ఏదో ఒకటే.

చోళ్ళు, సామలు, రాజ్మా నిల్వ ఉండే ఇళ్ళలో పిల్లి ఉండటం కొత్త కాదు. గింజ దాచిన చోటికి ఎలుక, ఎలుక వెనక పిల్లి, అలా వేల ఏళ్ళ కిందటే మనిషి దగ్గరికి చేరింది. అయితే "ఆకలితో ఉంటేనే ఎలుకని పడుతుంది" అన్న మాట తప్పు. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది. పస్తు పెట్టి పని చేయించుకోవాలన్న ఆలోచన ఎవరిదో మీకు తెలుసు. దాన్ని మనం పిల్లి మీద ప్రయోగించొద్దు.

మొదటి వారం. ఒక మూల, ఒక అట్టపెట్టె, పాత దుప్పటి. ఇల్లంతా ఒక్కసారి చూపించకండి, భయపడుతుంది. మంచం కింద దూరితే లాగకండి, అదే వస్తుంది. పాత ప్లాస్టిక్ టబ్బులో ఎండిన ఇసుక పోసి, తిండి గిన్నెకి దూరంగా పెట్టండి. తిన్న వెంటనే అందులో దింపితే రెండు మూడు రోజుల్లో నేర్చుకుంటుంది. రోజూ శుభ్రం చేయాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమె చేయకూడదు, పిల్లి పెంటతో వచ్చే ఒక సూక్ష్మజీవి కడుపులో బిడ్డకి ప్రమాదం. పుష్యమాసం చలి మీకు తెలిసిందే. సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. పొయ్యి బూడిదలో వెచ్చదనానికి పడుకుంటాయి, నిప్పు రాజేసే ముందు చూడండి. బండి స్టార్ట్ చేసే ముందు కూడా ఇంజిన్ కింద చూడండి.

తల్లి మెడ పట్టి మోస్తుంది కదా అని మీరు మెడ పట్టి ఎత్తకండి. వైష్ణవ తత్వంలో మార్జాల కిశోర న్యాయం అని ఒకటి చదువుకున్నాం. కూన ఏమీ చేయదు, భారమంతా తల్లిదే. అది తల్లికి చేతనైన విద్య. మనం ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి ఎత్తాలి.

డాక్టరు, టీకాలు. కడుపులో పురుగులకి మందు మొదటి నెలల్లోనే పడాలి, బరువుని బట్టి పశువుల డాక్టరే చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పిల్లుల టీకా మొదలవుతుంది. మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా. మూడు నెలలకి రేబిస్ టీకా. ఏడాదికి మళ్ళీ. పిల్లుల టీకా ప్రతి పశువుల ఆస్పత్రిలో ఉండదు, చింతపల్లికో నర్సీపట్నానికో బస్సెక్కే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరు ఉంది.

నాలుగైదు నెలలకే ఆడపిల్లి కడుపుతో ఉండగలదు. తొమ్మిది వారాల్లో పిల్లల్ని పెడుతుంది. ఆ వయసులోనే ఆపరేషన్ చేయించండి. లేకపోతే ఏడాది తిరిగేసరికి ఒక గోనెసంచి, ఒక వాగు, ఒక పాపం ఎవరో ఒకరి నెత్తి మీద పడతాయి.

గీరితే, కొరికితే. ఈ పోస్టులో ఒక్క పేరానే చదివేవాళ్ళు ఇది చదవండి. పిల్లి కాటుతో, గీరుతో కూడా రేబిస్ రావచ్చు. వస్తే దాదాపు ఎవరూ బతకరు. రాకుండా ఆపడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టకండి, కట్టు కట్టకండి. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళండి, టీకా ఉచితం. రక్తం వస్తే టీకాతో పాటు గాయం దగ్గర వేసే ఇంకో ఇంజక్షన్ కూడా అడగండి. చెప్పిన తేదీలన్నిటికీ వెళ్ళండి. పిల్లిని పది రోజులు కనిపెట్టి చూడండి, కానీ ఆ పది రోజులు ఆగి టీకా మొదలెడదామనుకోకండి. హాస్టల్ పిల్లలు వార్డెన్ తిడతారని గీరిన సంగతి దాచేస్తారు. దాచిన పిల్లని తిట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళే అక్కో అన్నో ప్రతి హాస్టల్లో ఒకరుండాలి. అది మీరే అవ్వండి.

ఒక పని అడుగుతున్నాను. మీ మండలంలో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రేబిస్ టీకా ఈ రోజు స్టాకు ఉందా, రక్తం వచ్చిన గాయానికి వేసే ఇంజక్షన్ ఉందా, పశువుల ఆస్పత్రిలో పిల్లుల టీకా దొరుకుతుందా అని అడిగి, ఊరి పేరుతో సహా కింద రాయండి. కొండ మీద లేనివన్నీ ఒక జాబితా చేసి అందరం కలిసి అర్జీ పెడదాం. అర్జీ నేను రాస్తాను, సంతకాలు మీవి.

జై భీమ్.