గోరే కదా అనుకున్నా

ఈసారి ఎరువుల గురించీ, ధాన్యం రేటు గురించీ కాదు. నా కుడికాలి బొటనవేలి గోరు గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

పోయినేడు నాట్ల ముందు తూము దగ్గర రాయి కదుపుతుంటే గునపం జారి వేలి మీద పడింది. గోరు వారన చిట్లి, సాయంత్రానికి నల్లబడింది. పసుపు అద్ది, పాత గుడ్డ చుట్టి, తెల్లారేసరికి దమ్ములో దిగా. కూలీలు దొరికిన రోజు ఇంట్లో కూర్చోగలమా చెప్పండి?

రెండ్రోజులకే నొప్పి పోయింది. తగ్గిపోతోందని సంబరపడ్డా. పదో రోజున మా ఆవిడ "ఏదో వాసనొస్తోంది, కాలు చూపించండి" అంది. గుడ్డ విప్పితే గోరు కింద చీము, వేలంతా వాపు. నాకు మాత్రం ఏమీ తెలియలేదు!

డాక్టరుగారు "ఇంత పుండుకి నొప్పి లేదంటే భయపడాల్సింది దానికే" అంటూ షుగర్ పరీక్ష చేయించారు. 312. నాకు షుగర్ ఉందని అప్పటిదాకా తెలీదు. అది ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిని మొద్దుబారతాయట, ముల్లు దిగినా తెలియదట. ఇంకా ఆలస్యమైతే వేలు దక్కేది కాదన్నారు.

మా గేదె కుంటితే ఆ పూటే పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తాను. నా కాలికి పది రోజులు పట్టింది.

అందుకే చెప్తున్నా. దెబ్బ తగిలాక గోరు కింద వచ్చే నలుపు గడ్డకట్టిన రక్తం. కొద్దిగా ఉంటే గోరు పెరిగే కొద్దీ ముందుకి జరిగి పోతుంది. పోటు ఎక్కువైతే డాక్టరు దగ్గరికెళ్లండి, ఇంట్లో సూది కాల్చి పొడవకండి. ఊగుతున్న గోరు పీకకండి, విడిపోయిన అంచు వరకే కత్తిరించి శుభ్రమైన కట్టు కట్టండి. మట్టి పడ్డ గాయమైతే టీటీ సూది వేయించుకుని అయిదేళ్లు దాటిందేమో డాక్టరుకి చెప్పండి.

గోళ్లు తిన్నగా కత్తిరించండి. మూలలు లోతుగా తీస్తే గోరు కండలోకి పెరుగుతుంది. మడిలోంచి రాగానే సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవండి. పగిలిన మడమలకి కొబ్బరినూనె మంచిదే, సందుల్లో మాత్రం వద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. కాపడం పేరుతో వేణ్ణీళ్లలో కాలు పెట్టకండి, కాలినా తెలియదు.

బొటనవేలి గోరు మొత్తం మళ్లీ రావడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. నాకిది పద్నాలుగో నెల. కాస్త వంకరగానే వచ్చింది, అయినా వేలు ఉంది, చాలు.

ఈ రాత్రి పడుకునే ముందు లైటు కింద కూర్చుని మీ పాదాలు ఒకసారి చూసుకోండి. అరికాలు కనపడకపోతే అద్దం పెట్టుకోండి. ఇంట్లో పెద్దాయన ఉంటే ఆయన కాళ్లు కూడా చూడండి. ఆయనంతట ఆయన చూడమని అడగరు.