రాగి గొట్టము

మా యింట మద్యము పేరెత్తుటయే తప్పు. అట్టి యింట పుట్టి, పాఠశాలలో బాలురకు నీతిశ్లోకములు బోధించుకొను మేము, గడచిన వేసవి సెలవులలో అమెరికాయందలి ఒహాయో రాష్ట్రమునకు పోయి, మా అన్నగారి కుమారునితో కూడి, బీరు కాచుటకు వలయు పరికర మొకటి స్వహస్తములతో చేసితిమి. చదువరులు ముక్కుపై వ్రేలిడుకొనుటకు ముందు మా మాట కొంత వినవలయును.

ఆ దేశమున 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధ ముండెను. అది తొలగిన పిమ్మటను ఇంటిలో బీరు చేసికొనుటకు మాత్రము కేంద్రశాసనము సమ్మతింపలేదు. 1978లో అధ్యక్షుడు కార్టరు చేవ్రాలు చేసిన చట్టముతో ఆ అడ్డు తొలగెను. ఇద్దరు పెద్దలున్న కుటుంబము ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండ చేసికొనవచ్చును గాని అమ్మరాదు. కావున మా అబ్బాయి చేయునది నేరము కాదు. అయినను అతడు పొయ్యి రాజేసిన దినమున మా వదినగారు తన గది విడిచి వెలికి రారు. ఎందుకు రారో మాకు తెలియును. అబ్బాయికి తెలియదు.

పని యిట్టిది. మొలకెత్తించి యెండబెట్టిన బార్లీ గింజలను వేడినీట నానవేసి తీపిరసము దీయుదురు. దానిని హాప్స్ అను తీగపూలతో గంటసేపు మరిగింతురు. పిదప దానిని వేగముగా చల్లార్చవలయును. దానంతట చల్లారనిత్తుమేని రాత్రి యెల్ల పట్టును; ఆ గోరువెచ్చని తీపిలో గాలిలోని సూక్ష్మజీవులు చేరి పాడుచేయును. వేడి తగ్గకమున్నే ఈస్టు కలిపిన అది చచ్చును. ఈ ఈస్టునకు దగ్గరి మాట మన సంస్కృతమున కిణ్వము. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్ష ప్రకరణములో ఈ మాట వచ్చును. ఏండ్ల తరబడి దాని యర్థము చెప్పుచుంటిమే గాని, అది నురుగు గట్టి పొంగుట ఆ యింటనే తొలిసారి కంటిమి.

చల్లార్చుటకు రాగిగొట్టపు చుట్ట కావలయును. రాగి వేడిని తుప్పుపట్టని ఉక్కు కంటె ఇరువది రెట్లకు పైగా వేగముగా సాగనంపును. అంగడిలో 50 అడుగుల మెత్తని రాగిగొట్టము కొని తెచ్చి, ఒక చిన్న గిన్నెకు చుట్టి సర్పిలముగా చేయనారంభించితిమి. చుట్టుట సులభముగనే సాగెను. కొనలను పైకి వంచునపుడు గొట్టము నలిగి మూసికొని పోయెను. అబ్బాయి తల పట్టుకొనెను. మా చిన్ననాడు ఊరిలోని కంచరి గొట్టములో ఇసుక కూరి వంచుట చూచితిమి. నలిగిన ముక్కను కోసివేసి, కొనలలో సన్నని ఇసుక దట్టించి, మోకాలికి ఆనించి మెల్లగా వంచితిమి. వంపు నున్నగా వచ్చెను. ఇసుక కడిగివేసి, రెండు కొనలకు రబ్బరుగొట్టములు తగిలించి, నీరు విడిచి, కారుట లేదని చూచుకొంటిమి. "బాబాయీ, మీరు లేకున్న ఇది కాకపోవును" అని అబ్బాయి పొంగిపోయెను. ఆ మెప్పు మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను.

మరునాడు 19 లీటర్ల రసము మరుగుచుండగా, చుట్టను శుద్ధి చేయుటకై కడపటి పావుగంట అందులోనే ముంచి యుంచెను. పిదప మంట ఆర్పి, ఒక కొనకు కుళాయి తిప్పెను. రెండవ కొననుండి పొగలు గ్రక్కుచు వేడినీరు బకెట్టులో పడసాగెను. 100 డిగ్రీలనుండి 20కి దిగుటకు 25 నిమిషములు పట్టునని చెప్పి, గరిటెతో కలుపుచు, అతడు హఠాత్తుగా "నాయన ఏ కామెర్లతో పోయిరి, బాబాయీ?" అని యడిగెను.

మా అన్నగారు పోయినపు డతనికి ఎనిమిదేండ్లు. కామెర్లని మే మందరము చెప్పితిమి. అబద్ధము కాదు, కండ్లు పచ్చబడుట నిజము. కాని కాలేయమును తినివేసినది సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినారని విని మా తల్లి కన్నీరు పెట్టుకొనెను. 1995లో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ నిషేధము రాగా దేవునియెదుట దీపము పెట్టెను. అన్నగారు మాత్రము పుదుచ్చేరి పాలనలోని యానామునకు పోయి త్రాగి వచ్చుచుండిరి. 1997లో నిషేధము సడలెను. ముప్పదినాల్గవ యేట వారు పోయిరి. అప్పటినుండి మేము మద్యమును మాత్రమే గాక వారి పేరును సైతము ఇంటిలో నిషేధించితిమి.

కలుపుట ఆపకుమని చెప్పి, ఇదంతయు చెప్పితిమి. తండ్రికి ఈ వ్యసన మున్నచో బిడ్డకు ముప్పు హెచ్చని వైద్యులు చెప్పుదురనియు చెప్పితిమి. అతడు చాలసేపు మాటాడలేదు. "నాకిప్పుడు ముప్పదిరెండు. ఇది ముందే తెలిసిన బాగుండెడిది" అనెను. కోపముతో ననలేదు, అందుచేతనే మేము తల యెత్తలేకపోతిమి.

సంఘసంస్కారమును గూర్చి మేము సభలలో మాటాడినవారమే. దూబగుంట స్త్రీలు తమ యింటి గోడు నలుగురిలో చెప్పి పోరాడిరి. మేము పరువుకొరకు దాచితిమి. పిల్లలకు వలదని చెప్పుట యొక్కటే చాలదు. ఎందుకు వలదో, ఎవరిని పోగొట్టుకొంటిమో చెప్పవలయును. ఆ మాట చెప్పని యింట శాసన మెట్టిదైనను నిలువదు. అబ్బాయి ఇకమీదట బీరు చేయునో మానునో మే మెరుగము; ఏదైనను తెలిసి చేయును.

ఆ దినమున అతడు ఈస్టు కలుపలేదు. పాత్రపై మూత పెట్టి ఊరకుండెను. అప్పుడు గది తలుపు తెరచికొని వదినగారు వచ్చిరి. మా మాటలు వినియే యుందురు. కొడుకు భుజముపై చేయి వైచి, మావంక చూచి, "చెప్పితిరా, మరిదిగారూ?" అనిరి. చెప్పితిమంటిమి. వారు వంగి బకెట్టులోని నీరు వ్రేలితో తాకి, "ఇంత మంచి వేడినీరు పారబోయుదురా? గిన్నెలు తోముకొందును, ఇటు తెండు" అనిరి.