ఉన్నది ఉన్నట్లు వ్రాయుట

చదువు ముగించిన యౌవనస్థుల నందరిని బాధించు ప్రశ్న యొకటి కలదు: నేర్చినదానిని ఎక్కడ వినియోగింపవలెను? మా తమ్ముని కుమార్తె తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున వైరాలజీలో ఎం.యస్సి. ముగించినది. తోడి విద్యార్థులలో ఒకరు పరిశోధనకై నెట్ పరీక్షకు చదువుచున్నారు. ఒకరు ఆసుపత్రి ప్రయోగశాలలో చేరిరి. ఒకరు హైదరాబాదులో టీకాలు తయారుచేయు కంపెనీకి వెళ్లిరి. 1952లో పూణెలో స్థాపింపబడిన జాతీయ వైరాలజీ సంస్థ అందరికిని దూరపు ఆశ. ఈమెకు దొరికినది మన నెల్లూరు తీరమున ఒక రొయ్యల హేచరీలో పి.సి.ఆర్. పరీక్షల పని.

“ఇంత చదివినది రొయ్యపిల్లల కొరకా, పెదనాన్నా?” అని నన్నడిగినది.

ఆ ప్రశ్నకు ఈ తీరమే జవాబు చెప్పగలదు. 1994లో తెల్లమచ్చల తెగులు ఇక్కడి టైగర్ రొయ్యల చెరువులపై బడెను. రొయ్యలు గట్టువారకు చేరి, కొలది దినములలోనే చచ్చెను. అప్పుతెచ్చి గుంటలు త్రవ్వినవారు చితికిపోయిరి. 2009లో వనామి సాగునకు అనుమతి వచ్చెను గాని ఆ వైరస్ పోలేదు. నేటికిని దానికి మందు లేదు. చెరువులోనికి రానీయకుండుటయే మందు. తల్లిరొయ్య నుండియు, పిల్లల నుండియు నమూనా తీసి, అందు వైరస్ జాడ ఏమాత్రమున్నను దానిని లక్షలరెట్లు పెంచి చూపు పరీక్షయే రైతునకు కావలి.

ఆ కావలియందు శోధన లేకపోలేదు. వాకిట లారీ నిలిచియుండగా, ఒక ట్యాంకు పిల్లలలో వైరస్ కనబడెను. “మరల చూడుము” అని యజమాని ముఖము చిట్లించెను. ఆమె మరల చూచినది; రెండవమారును అదే గీత. ఉన్నది ఉన్నట్లు వ్రాసినది. ఆ పిల్లలను బ్లీచింగు వేసి నాశనము చేసిరి. యజమాని రెండు దినములు ఆమెతో మాటాడలేదు. అయితే ఆ సీడు కొనవలసిన రైతు తాను తప్పించుకొన్న నష్టమును ఎన్నడును ఎరుగడు.

జీతము కొద్దియే, కాదనను. ఆ పనిలోనే జీవితమంతయు గడుపుమనియు చెప్పను. అక్కడ కుదిరిన చేయి మనుష్యుల వ్యాధులను పరీక్షించుటకును పనికివచ్చును. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అట్టివారి కొరకు దేశమంతయు వెదకెను. చెన్నైలోని ఉప్పునీటి జలచరముల పరిశోధన సంస్థ వంటి చోట్ల రొయ్యల వ్యాధులమీదనే పరిశోధన సాగుచున్నది. చెరువుగట్టు నెరిగిన విద్యార్థి అక్కడకు మంచి ప్రశ్నతో పోవును.

యౌవనులారా, సంస్థ పేరు చూచి పనిని తూచకుడి. మీరు వ్రాయు ఒక్క మాటను నమ్మి ఎవరి కుటుంబము నిలుచునో చూడుడి.