పెట్టెలోని బిళ్ల

మా పూర్వులు కోయంబత్తూరు ఎన్నడు చేరిరో చెప్పగలవారు మా యింట మిగులలేదు. ఇంటిలో తెలుగు మాటలాడుదుము. చదువును వ్రాతయు తమిళమున. మంచి తెలుగు పిల్లల చెవిని బడుట పాత చిత్రములవలననే. కావున చిత్రములను బిళ్లలుగా కొని దాచుటయా, నెలచందా కట్టి అంతర్జాలమున చూచుటయా అనునది మాకు వట్టి వినోదపు ప్రశ్న కాదు.

మొన్నటి సంక్రాంతికి మా అమ్మ ఒక పాత చిత్రము చూడగోరినది. ముందటి నెలవరకు పట్టికలో నున్న ఆ చిత్రము ఆనాడు లేదు. హక్కుల గడువు తీరినదట! "మన పెట్టెలో ఉండవలసినది ఊరివాళ్ల పెట్టెలో ఉంటే ఇంతే నాయనా" అన్నది అమ్మ.

అటకమీది డీవీడీల పెట్టె దించి 'మాయాబజార్' పెట్టితిని. 1957లో అది తమిళమునను వెలువడినది; మా ఇరుగుపొరుగు పెద్దలెరిగినది ఆ చిత్రమే. పింగళి నాగేంద్రరావుగారి మాటలకై మాత్రము తెలుగు బిళ్లనే ఆశ్రయింపవలెను. 2010లో దానికి రంగులద్ది విడుదల చేసిరి. మాది నలుపు తెలుపులదే. ప్రసారసంస్థ ఒక ప్రతిని తీసి మరియొకటి పెట్టినచో మనము చేయగలది లేదు. కొన్న బిళ్ల కొన్నట్లే యుండును. గీతలు పడవా అందురేమో. పడును. మా బిళ్లలో ఘటోత్కచుని ఘట్టమున బొమ్మ క్షణకాలము నిలిచిపోవును. అచ్చట ఇంటిల్లిపాదియు ఊపిరి బిగబట్టుదుము.

ఇది చూచి మా పెద్దవాడు, 2016లో వచ్చిన 4కె బ్లూరే యంత్రము కొందమన్నాడు. డీవీడీ బొమ్మలో చుక్కలు సుమారు 4 లక్షలు, బ్లూరేలో 20 లక్షలు, 4కెలో 83 లక్షలు. అంతర్జాలపు 4కెలోను చుక్కలన్నియే. కాని దానికి క్షణమునకు 15 మెగాబిట్లు చాలునందురు, బిళ్లనుండి 100కు పైగా రాగలవు. ఆ తేడా చీకటి దృశ్యములలోను, పొగలోను, పెద్ద తెరమీద తెలియును. మా 43 అంగుళముల పెట్టెను పదడుగుల దూరమునుండి చూచు అమ్మకు తెలియదు. అదియు గాక, మేము కోరు పాత తెలుగు చిత్రమొక్కటియు ఆ రూపమున నా కంటబడలేదు. మూలప్రతి చెడినచో 83 లక్షల చుక్కలును దాని మచ్చలనే చూపును.

అయినను యంత్రము తెప్పించితిని. అది డీవీడీలను గూడ ఆడించును. మా పాత యంత్రము దగ్గుచున్నది. తయారీదారులు ఒక్కొక్కరే తప్పుకొనుచున్నారు, ఎల్జీవారు 2024లో మానుకొనిరి. క్రొత్త చిత్రములకు చందాయే చాలును. మనుమలకు చూపదలచిన పది పన్నెండింటికి మాత్రము బిళ్లలు వెదకుచున్నాను, మూడు దొరకినవి. మనుమరాలు అప్పుడే పెట్టెమీద తన పేరు తమిళలిపిలో వ్రాసికొన్నది. ప్రక్కన తెలుగులో వ్రాసి చూపితిని, దిద్దుచున్నది.