శనివారపు మిఠాయి

పిల్లల మామూ స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుండి సెలవుపై వచ్చి, పెట్టె తెరవగానే మొదట తీసినవి రెండు మిఠాయి పొట్లాలు. పిల్లలు చేయి చాపేలోగా మేము వాటిని తిప్పి వెనుకవైపు చదవసాగాము. ఇది మా ఇంట పాత అలవాటు. విదేశీ మెత్తని మిఠాయిలలో చాలావాటికి ఆ సాగే గుణం జెలటిన్ వల్ల వస్తుంది. ఐరోపాలో దానిని ఎక్కువగా పంది చర్మం నుండి తీస్తారు. అందువల్ల తోటివారు తింటూ ఉండగా మా పిల్లలు చూస్తూ ఊరుకున్న సందర్భాలు ఎన్నో.

"ఆపా, దుకాణంలోనే చదివి తెచ్చాను" అన్నాడు మామూ. ఒక పొట్లం బబ్స్ కంపెనీది. అందులో జెలటిన్ లేదు, దాని బదులు పిండిపదార్థం వాడారు. రెండవదానిలో మాత్రం ఇ120 కనబడింది. అది కోచినీల్ అనే కీటకం నుండి తీసే ఎర్రరంగు. దీనిపై ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అనుమానం ఉన్నదానిని మేము వదిలివేస్తాము. మామూ ముఖం చిన్నబోయింది, పాపం.

మొదటి పొట్లంలోని బిళ్ల నాలుకపై పెట్టగానే పైనున్న పొడి పులుపుకు కళ్లు మూతపడ్డాయి. చక్కెరలో సిట్రిక్ ఆమ్లం వంటివి కలిపి అద్దిన పొడి అది. పులుపుకు నోట నీరూరుతుంది, ఆ నీటిలో తీపి కరుగుతుంది, అంతలో పులుపు పోయి మరొక బిళ్ల కావాలనిపిస్తుంది. 2024లో అమెరికాలో జనం వీటికోసం ఎగబడ్డారంటే ఆశ్చర్యం లేదు. నానీ మాత్రం చప్పరించి, "మన రేగివడియమే కదా, కారం మరిచిపోయారు" అన్నారు.

అక్కడి దుకాణాలలో మిఠాయిలు వరుస పెట్టెలలో ఉంటాయట. ఎవరికి కావలసినవి వారే గరిటెతో సంచిలో వేసుకుని తూకం వేయించుకుంటారు. పిల్లలకు మాత్రం చాలా ఇళ్లలో శనివారమే మిఠాయి. ఈ కట్టుబాటు మాకెంతో నచ్చింది. అది ఎలా వచ్చిందో తెలిసినప్పుడు నచ్చలేదు.

లుండ్ పట్టణంలో విపెహోల్మ్ అనే ఆశ్రయం ఉండేది. బుద్ధిమాంద్యం గలవారిని అక్కడ ఉంచేవారు. 1940లలో దంతక్షయానికి కారణం కనుగొనడానికి వారికి పళ్లకు అంటుకునే టాఫీలను ప్రత్యేకంగా చేయించి తినిపించారు. కొందరికి రోజుకు 24. ఎందరివో పళ్లు పాడయ్యాయి. వారి అనుమతి ఎవరూ అడగలేదు. పరిశోధనకు మిఠాయి కంపెనీలు కూడా ధనమిచ్చాయి. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిమార్లు తిన్నామన్నదే పళ్లకు ఎక్కువ హాని చేస్తుందని తేలింది. ఆ తరువాతనే, తింటే వారానికి ఒక్కరోజు తినమని అక్కడి ప్రజలకు సలహా వచ్చింది.

పొట్లం వెనుక అక్షరాలన్నీ చదివే మాకు, ఇది ఏ అక్షరంలోనూ కనబడలేదు.

రాత్రి భోజనాలవేళ ఈ సంగతి చెబుతూ ఉంటే మా చిన్నది అడిగింది, "వాళ్లు వద్దంటే కూడా పెట్టారా అబ్బా?" వద్దనడం వారిలో అందరికీ చేతనయ్యేది కాదని చెప్పాము. అది కాసేపు అన్నం కలుపుతూ కూర్చుంది.

బిళ్లలను ఇప్పుడు స్టీలు డబ్బాలో వేసి అటకపై పెట్టాము. శనివారం అసర్ నమాజు తరువాత తలా రెండు. ఇంకా పద్నాలుగు మిగిలాయి. చిన్నది రోజూ వచ్చి లెక్క అడుగుతోంది.