యలహంకలో 280 లీటర్ల సముద్రం

యలహంక న్యూటౌన్‌లోని ఆ ఇంట్లో రెండు సున్నం డబ్బాలున్నాయి. చిన్నది అవ్వ ఆకువక్కలకు. పెద్దది హాల్లో ఉన్న సముద్రానికి.

రెండింట్లో ఉన్న పదార్థం ఒకటే, కాల్షియం హైడ్రాక్సైడ్. బజారు సున్నంలో ఏయే మలినాలు కలిసుంటాయో తెలియదు కాబట్టి, హాల్లోని సముద్రం కోసం ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైన పొడి కొంటారు. ఆ డబ్బా మూత గట్టిగా బిగించి ఉంచుతారు. గాలి తగిలితే అందులోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సున్నం సుద్దగా మారిపోతుంది. పొద్దున్నే కాఫీకి ముందు అర టీస్పూను సున్నం మూడు లీటర్ల శుద్ధజలంలో కలిపి, తేరుకున్నాక పైతేట మాత్రం తొట్టె పక్కనున్న డబ్బాలో పోయడం ఆ ఇంటి పెద్దాయన దినచర్య. పగడపు తొట్టెలకు సున్నపు తేట వాడే పద్ధతిని 1970లలో యూరప్‌లో పీటర్ విల్కెన్స్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పటికీ చవకైన మార్గాల్లో అదొకటి.

హిందూపురం నుంచి రైల్లో వచ్చేవాళ్ళకు బెంగళూరు మొదలయ్యేది యలహంకలోనే. ఈ కుటుంబం కూడా అట్లా వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. దగ్గరి పెద్ద సముద్రతీర నగరం చెన్నైకి రోడ్డు మీద దాదాపు 350 కిలోమీటర్లు. అలాంటి చోట నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న అద్దాల తొట్టెలో, కింద అల్మరాలో దాచిన రెండో తొట్టె, అంటే సంప్‌తో కలిపి దాదాపు 280 లీటర్ల ఉప్పునీరు సుడులు తిరుగుతోంది. మేం వెళ్ళిన ఆదివారం పొద్దున తొట్టె దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. తోలు పగడం ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పుతోంది. బొత్తాల్లా గుంపుగా పెరిగే జొయాంథిడ్లు ఆకుపచ్చగా, నారింజ రంగుగా తెరుచుకుంటున్నాయి. వాటి మీదుగా రెండు క్లౌన్ చేపలు తిరుగుతున్నాయి. హేచరీలో పుట్టిన జంట అది. క్లౌన్ చేపలన్నీ మగవిగానే పెరుగుతాయి, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఇక్కడ కూడా పెద్దదే ఆడది.

"పగడం అంటే అవ్వ ఉంగరంలోది అనుకుంటారు సార్ అందరూ," అన్నాడాయన. ఉంగరాలకు వాడే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రపు లోతుల్లోది. దిబ్బలు కట్టే పగడాలు వేరే జాతులు. వాటి కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. అవి ఎండలో వండిన ఆహారంలో పెద్ద వాటా పగడానికి అందుతుంది. నీళ్ళు మామూలుకన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడిగా కొన్ని వారాలు నిలిచినా ఆ కాపురం చెదిరి పగడం తెల్లబోతుంది. ప్రపంచమంతటా పగడాలు తెల్లబోవడం ఇది నాలుగోసారి అని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ ఏడాది మన లక్షద్వీప్‌లో కూడా దిబ్బలు దెబ్బతిన్నాయి.

ఆ తొట్టెలో గట్టి పగడం ఒక్కటి కూడా లేదు. దిబ్బలు కట్టే పగడాలు, సముద్రపు విసనకర్రలు, నల్ల పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చచ్చిన పగడపు ముక్కయినా సముద్రం నుంచి తేవడం నేరం. అందుకని ఇక్కడి రాళ్ళు సముద్రం నుంచి వచ్చినవి కావు, పింగాణీ తరహాలో కాల్చి చేసినవి. ఏళ్ళు గడిచేసరికి వాటి మీద గులాబి రంగు కోరలైన్ నాచు పొరలు పొరలుగా పాకింది. ఈ నాచు కూడా సున్నం తినేదే. మెత్తని పగడాల తొట్టెకు సున్నం ఎందుకంటే కారణం అదే.

నీళ్ళ సంగతికి వస్తే, కథ వరండాలో మొదలవుతుంది. బోరు నీళ్ళలో టీడీఎస్ మీటరు ముంచితే మూడంకెల సంఖ్య వచ్చింది. ఆర్వో పొర దాటాక రెండంకెలు. ఆ తర్వాత రంగు మారే రెజిన్ గొట్టం దాటిన నీళ్ళలో మీటరు సున్నా చూపింది. ఆ సున్నా రాకపోతే నీళ్ళు తొట్టెకు చేరవు. రాగి లేశమాత్రం ఉన్నా రొయ్యలు, నత్తలు చస్తాయి. ఫాస్ఫేటు కొద్దిగా పెరిగినా రాళ్ళ మీద వెంట్రుకల్లా పచ్చనాచు కమ్ముతుంది. ఈ దారిలో ఇత్తడి కొళాయి కూడా ఒకటి లేదు. ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు పారబోయే నీళ్ళు వస్తాయి. వాటిని డ్రమ్ముల్లో పట్టి ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడతారు. 2024 మార్చిలో బోర్లు ఎండి నగరమంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజుల్లో, తాగునీటితో కార్లు కడిగినా మొక్కలకు పోసినా 5000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. ఆ వేసవిలో ఇక్కడ వారానికి చేసే నీటి మార్పును సగానికి తగ్గించారు. అలాంటి ఊళ్ళో ఈ తొట్టె పెట్టాలనుకునేవాళ్ళు పారబోసే నీటి లెక్క ముందుగా చెప్పుకోవాల్సిందే అని నా అభిప్రాయం.

శుద్ధజలం 30 లీటర్లకు కిలో పైచిలుకు సముద్రపు ఉప్పు మిశ్రమం. ఇది కళ్ళుప్పు కాదు. సోడియం, క్లోరైడులతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు, అన్నీ సముద్రంలో ఉన్న నిష్పత్తిలోనే ఉంటాయి. 1872 నుంచి 1876 వరకు ప్రపంచం చుట్టొచ్చిన చాలెంజర్ ఓడ తెచ్చిన 77 నమూనాలను డిట్‌మార్ అనే రసాయన శాస్త్రవేత్త విశ్లేషించి 1884లో ఒక సంగతి ఖాయం చేశాడు. ఏ మహాసముద్రంలోనైనా ఉప్పదనంలో ఎక్కువ తక్కువలుంటాయి కానీ, ఆ ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి దాదాపు మారదు. మన బంగాళాఖాతం అందుకు మంచి ఉదాహరణ. వానాకాలం తర్వాత నదుల నీళ్ళు కలిసి కోస్తా వెంబడి ఉప్పదనం బాగా పడిపోతుంది. ఆ మంచినీరు, దాంతో వచ్చే ఒండ్రు కలిసే కృష్ణా గోదావరుల ముందున్న తీరంలో పెద్ద పగడపు దిబ్బలు పెరగనివ్వలేదు. దేశంలో ముఖ్యమైన దిబ్బలు మన్నార్ సింధుశాఖ, కచ్ఛ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్నాయి.

తొట్టెలో లక్ష్యం కిలో ఉప్పునీటికి 35 గ్రాముల ఉప్పదనం. కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్ళతో సరిచేస్తే సున్నా దగ్గర మాత్రమే నిజం చెబుతుంది కాబట్టి, 35 ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచేస్తారు. అసలు ప్రమాదం ఆవిరిది. బెంగళూరు పొడిగాలికి రోజుకు మూడు లీటర్లు ఆవిరైపోతాయి. నీరే పోతుంది, ఉప్పు పోదు. పట్టించుకోకుండా ఒక వారం వదిలేస్తే 21 లీటర్లు తగ్గి, 35 కాస్తా 38 దగ్గరికి చేరుతుంది. అందుకే సంప్‌లో ఫ్లోట్ స్విచ్ ఉంది. మట్టం తగ్గిన కొద్దీ డబ్బాలోని సున్నపు తేట చిన్న మోటారుతో చుక్కచుక్కగా చేరుతుంది. పోయిన నీరు, తరిగిన సున్నం రెండూ ఒకేసారి భర్తీ అవుతాయి.

ఆ స్విచ్చే ఒకసారి కొంప ముంచింది. కుటుంబమంతా హిందూపురంలో పెళ్ళికి వెళ్ళినప్పుడు నత్త ఒకటి ఫ్లోట్ మీదికి పాకి ఇరుక్కుంది. స్విచ్ పైకి తేలలేదు, మోటారు ఆగలేదు. అప్పట్లో తేట డబ్బా 20 లీటర్లది. మొత్తం లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి తొట్టె పాలు పోసినట్టు తెల్లగా ఉంది. నీటి క్షారం ఒక్కసారి పెరిగి, అందులోని కాల్షియం కొంత సుద్దగా విడిపోయింది. రొయ్య చచ్చింది, ఊగే చేతుల్లాంటి జీనియా పగడం కరిగిపోయింది. చేపలు బతికాయి. ఆ రోజు తొట్టె ముందు కూర్చుని తాను ఏడ్చినట్టు ఆయన దాచకుండా చెప్పాడు. మర్నాటి నుంచి చేసిన మార్పు చిన్నది. 20 లీటర్ల డబ్బా తీసేసి ఐదు లీటర్లది పెట్టాడు. ఇప్పుడు స్విచ్ మళ్ళీ ఇరుక్కున్నా లోపలికి పోయేది ఐదు లీటర్లే, దాన్ని తొట్టె తట్టుకుంటుంది. ఊరెళ్ళినప్పుడు డబ్బాలో వట్టి శుద్ధజలం పోసి, రోజుకోసారి నింపమని పక్కింటివాళ్ళకు చెప్పి వెళతారు. ఖరీదైన పరికరాల గురించి గంటలు చెప్పేవాళ్ళున్నారు కానీ, ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా తెలివైన పరికరం ఆ చిన్న డబ్బానే అనిపించింది.

సముద్రం తన పరిమాణంతోనే తట్టుకుంటుంది. ఎంత ఎండకాసినా, ఎన్ని చేపలు చచ్చినా దాని గుణం అంత తొందరగా మారదు. 280 లీటర్లకు ఆ బలం లేదు, కాబట్టి దాన్ని మనిషి రోజువారీ అలవాటు ఇవ్వాలి. అక్కడ గడిపిన మూడు గంటల్లో మేం చూసిందంతా ఆ అలవాటే.

పదకొండింటికి పరీక్షల వేళ. ఇది కూతురి పని. పీయూసీ చదువుతోంది. గాజు గొట్టంలో సరిగ్గా ఐదు మిల్లీలీటర్ల తొట్టె నీళ్ళు తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది, నీటి అంచు గీతను తాకిందా లేదా అని. పరీక్ష ద్రావణం మొదటి చుక్కకు నీళ్ళు నీలంగా మారాయి. రెండు, మూడు, నాలుగు. ప్రతి చుక్కకూ గొట్టం ఊపుతోంది. ఏడో చుక్కకు ఇంకా నీలమే. ఎనిమిదో చుక్క పడ్డాక నీలం వెళ్ళి పసుపు నిలిచింది. "ఎనిమిది, నాన్నా." ఒక్కో చుక్క ఒక్కో జర్మన్ డిగ్రీ క్షారత. సహజ సముద్రంలో ఇది ఏడు దగ్గర ఉంటుంది. ఎనిమిది ఈ ఇంటి లక్ష్యం. ఆ అంకె తేదీతో సహా లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. పోయిన వారం ఎనిమిది, అంతకుముందు వారం ఎనిమిది. కాల్షియం 420, మెగ్నీషియం 1300, రెండూ లీటరుకు మిల్లీగ్రాముల్లో. మెగ్నీషియం ఎందుకు కొలుస్తారో ఆ అమ్మాయే చెప్పింది. అది తగినంత ఉంటేనే కాల్షియం, కార్బొనేటు ఒకదాన్నొకటి పట్టుకుని సుద్దగా రాలిపోకుండా ఉంటాయి. క్షారత ఏడు మంచిదా తొమ్మిది మంచిదా అని కొత్తవాళ్ళు వాదించుకుంటారు. ఏడైనా పగడం బతుకుతుంది, తొమ్మిదైనా బతుకుతుంది. ఇవాళ ఏడు, మర్నాడు తొమ్మిది అయితే బతకడం కష్టం.

పిహెచ్ రాత్రి తగ్గి పగలు పెరగడం సహజం. చీకట్లో నాచు కార్బన్ డయాక్సైడ్ వాడుకోదు, అది నీళ్ళలోనే ఉండిపోతుంది. అయితే డిసెంబరులో ఇంట్లో కిటికీలన్నీ మూసి, చుట్టాలు దిగి ఉంటే, పగలు కూడా పిహెచ్ లేవదట. మందులేవీ పోయకుండా కిటికీ తెరిస్తే చాలు, సాయంత్రానికి సర్దుకుంటుంది.

కింద అల్మరా తలుపు తెరిస్తే కమ్మని ఉప్పు వాసన. ప్రొటీన్ స్కిమ్మర్ గొట్టంలో సన్నని బుడగలు పాలనురుగులా పైకి పొంగి, పై గిన్నెలో గోధుమ రంగు చిక్కటి నీరుగా పేరుకుంటున్నాయి. చేపల మలినం, మిగిలిన మేత కుళ్ళక ముందే నురుగుతో బయటికి పోతాయి. ఆ గిన్నె రెండు రోజులకోసారి కడగాలి. మెడ దగ్గర జిడ్డు పట్టితే నురుగు లేవదు. నీళ్ళు తిప్పే పంపులకు మూడు నెలలకోసారి స్నానం. లోపలి ఇరుసు మీద గట్టిపడిన సుద్దను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో గంట నానబెడితే బుసబుసమని కరుగుతుంది. ఏప్రిల్‌లో గది వేడెక్కితే నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పి రెండు డిగ్రీలు దించుతారు. అప్పుడు ఆవిరి ఇంకా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. కరెంటు పోతే దీపాలు ఎంతసేపు ఆరినా ఫరవాలేదు, నీరు కదలడం ఆగకూడదు. నిలిచిన నీళ్ళలో ముందు తరిగేది ప్రాణవాయువే. ఇంటి యూపీఎస్‌కు ఒక పంపు మాత్రం కలిపి ఉంది. ప్రతి తీగ ప్లగ్గుకన్నా కిందికి వేలాడి, మళ్ళీ పైకి వెళుతుంది. తీగ వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. జొయాంథిడ్లను ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి. కొన్ని జాతుల్లో పాలీటాక్సిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని వేడినీళ్ళలో ఉడికించడం మరీ ప్రమాదం, ఆవిరి పీల్చినవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు.

బయల్దేరేముందు లెక్కల పుస్తకం మొదటి పేజీలు తిప్పి చూశాం. వట్టి రాళ్ళు, ఉప్పునీళ్ళు, చిటికెడు చేపల మేత. మేత కుళ్ళి అమ్మోనియా పుట్టడం, రాళ్ళలో బాక్టీరియా స్థిరపడి దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మార్చడం, ఆ ఎక్కడాలూ దిగడాలూ వరుసగా రాసి ఉన్నాయి. ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. చేపల దుకాణానికి వెళ్ళేముందు పుస్తకం, పరీక్షల పెట్టె కొనండి. రాతి ఎముక ఉన్న పగడం, బతికున్నదైనా చచ్చినదైనా, అమ్మేవాళ్ళు ఎంత నమ్మకంగా చెప్పినా ముట్టుకోవద్దు. హేచరీలో పుట్టిన చేపలే అడిగి తెచ్చుకోండి. నీళ్ళు నిలకడగా నిలిచేదాకా ఏ ప్రాణినీ ఇంటికి తేవద్దు.

యలహంక పుస్తకంలో మొదటి చేప ఎక్కింది 74వ రోజున.